ఒకే రక్తానికి మళ్లీ మళ్లీ టెస్టులెందుకు? చెరువు దగ్గర కొంగ రక్తంలో ఏం వెతుకుతారు?

మీరు అడిగినవి రెండు. మొదటిది మీ నాన్నగారి గురించి. ఆరు రోజులుగా చలితో జ్వరం. మొదటి ల్యాబ్‌లో మలేరియా స్లైడు నెగెటివ్, వైడాల్ పాజిటివ్ వచ్చాయి. టైఫాయిడ్ మందులు మూడు రోజులు వాడినా జ్వరం దిగలేదు. ఇప్పుడు డాక్టరుగారు మళ్లీ మలేరియా స్లైడు, బ్లడ్ కల్చర్, సీబీపీ (రక్తకణాల లెక్క) రాశారు. మొన్న చూసిన రక్తాన్నే మళ్లీ చూడటం డబ్బుల కోసమా అని మీ అనుమానం. రెండోది మీ అబ్బాయి ప్రశ్న. మీ ఊరి చెరువు దగ్గర కొందరు కొంగల్ని పట్టి, రెక్క కింద సూదితో రక్తం తీసి, వదిలేశారట. పక్షి రక్తంలో ఏం జబ్బు తెలుస్తుంది, దానికీ మనకీ ఏం సంబంధం అని అడిగాడు.

నేను మనుషుల రక్తం చూసే ల్యాబ్‌లో 11 ఏళ్లు, ఆ తర్వాత పశువైద్య ల్యాబ్‌లో 16 ఏళ్లు పనిచేశాను. అక్కడికి కోళ్లవీ, అడవి పక్షులవీ నమూనాలు వచ్చేవి. అందుకని రెండింటికీ కలిపి రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు తొందర పని. స్లైడు ఇవాళే మళ్లీ తీయించండి, చలి వచ్చేదాకా ఆగకండి. నెగెటివ్ వస్తే 12 నుంచి 24 గంటల తేడాతో ఇంకోసారి, అవసరమైతే మూడోసారి కూడా తీయించాలి. ఇది పద్ధతి ప్రకారం చేసే పనే, డబ్బుల కోసం కాదు. మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణాల లోపల పెరుగుతుంది. ఫాల్సిపారం రకంలో అది కాస్త ముదరగానే, ఆ కణాలు లోపలి అవయవాల్లోని సన్నని రక్తనాళాల గోడలకి అతుక్కుపోతాయి. వేలి నుంచి తీసిన బొట్టులో లేతవే, చిన్న ఉంగరాల్లాంటివి ఎక్కువగా దొరుకుతాయి. పొద్దున ఒక్కటీ కనబడని మనిషి స్లైడులో సాయంత్రానికి డజన్ల కొద్దీ కనబడొచ్చు. పైగా స్లైడు చూసినవాళ్లకి ఆ రోజు వందో స్లైడు అయి ఉంటే, ఓపిక కూడా లెక్కలోకి వస్తుంది. "మందంగా ఒక బొట్టు, పల్చగా పరిచిన ఒక స్మియర్, రెండూ చూడండి" అని అడగండి. మందం బొట్టులో మలేరియా ఉందో లేదో తెలుస్తుంది. పల్చటి దాంట్లో ఏ రకమో తెలుస్తుంది. రకాన్ని బట్టి మందు మారుతుంది కాబట్టి రెండూ కావాలి. రాపిడ్ టెస్ట్ కార్డు కూడా చేయించొచ్చు. కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫాల్సిపారం చూపించే కార్డుల్లో చాలావరకు జబ్బు నయమయ్యాక కూడా కొన్ని వారాలపాటు పాజిటివ్ గీత చూపిస్తూనే ఉంటాయి. మందు పనిచేసిందా లేదా అన్నది వాటితో తేల్చకూడదు.

ఇక వైడాల్. ఇది టైఫాయిడ్ క్రిమిని చూసే పరీక్ష కాదు. ఆ క్రిమి మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలు ఉన్నాయా, ఎంత ఉన్నాయి అని చూస్తుంది. ఆ యాంటీబాడీలు ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌వి కావచ్చు, టీకా వల్ల వచ్చినవి కావచ్చు, టైఫాయిడ్ క్రిమికి చుట్టాలైన వేరే సాల్మొనెల్లా వల్ల వచ్చినవి కావచ్చు. మలేరియా లాంటి వేరే జ్వరాల్లోనూ పాజిటివ్‌గా కనబడటం తెలిసిన విషయమే. అసలు టైఫాయిడ్ ఉన్నవాళ్లలో మొదటి వారం నెగెటివ్ రావడమూ మామూలే. అందుకే బ్లడ్ కల్చర్ రాశారు. కల్చర్‌లో రక్తాన్ని సీసాలో పోసి క్రిమిని పెంచుతారు. పెరిగితే ఇక అనుమానం లేదు. ఏ మందుకి లొంగుతుందో కూడా అందులోనే తెలుస్తుంది. బాధ ఏంటంటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీసిన కల్చర్‌కే ఎక్కువ విలువ. మీ నాన్నగారికి మూడు రోజుల మందు పడింది కాబట్టి కల్చర్ నెగెటివ్ వచ్చినా టైఫాయిడ్ లేదని గట్టిగా చెప్పలేం. వాడిన మందు పేరు, మొదలుపెట్టిన రోజు ల్యాబ్ ఫారం మీద రాయించండి.

నేను మొదట పనిచేసిన చోట ఒక కూలిపని చేసే ఆయనకి రెండు నెలల్లో మూడుసార్లు వైడాల్ చూసి టైఫాయిడ్ మందులు ఇచ్చారు. మూడుసార్లూ రిపోర్టు మీద సంతకం మా ల్యాబ్‌దే. నాలుగోసారి ఆయన భార్య "స్లైడు కూడా చూడండయ్యా" అని పట్టుబట్టింది. చూస్తే వైవాక్స్ మలేరియా. ఆ రోజు నుంచి, అడిగినా అడక్కపోయినా, జ్వరంతో వచ్చినవాళ్ల స్మియర్ ఒకటి తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకున్నాను. రక్తం మనం అడిగినదానికే జవాబు చెబుతుందని నాకు నేర్పింది ఆవిడే. వైడాల్ చేయమంటే వైడాల్ గురించి చెప్పింది. అదే ట్యూబులో మలేరియా ఉందని దానంతటది ఎందుకు చెబుతుంది?

ఇప్పుడు మీ అబ్బాయి ప్రశ్న. మనిషి మలేరియా గుట్టు విప్పడంలో పక్షి రక్తం చాలా సాయం చేసింది. ఆ కథ మన సికింద్రాబాద్‌లోనే మలుపు తిరిగింది. 1880లో అల్జీరియాలో లావరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు జ్వరం రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది మనిషిలోకి ఎలా వస్తుందో తెలియలేదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో ఆ పరాన్నజీవి పెరగడం చూశాడు. తర్వాత ఆయనకి కలకత్తా బదిలీ అయింది. అక్కడ మనుషుల మీద ఆ పని ముందుకి సాగించే వీలు చిక్కలేదు. అప్పుడు పిచ్చుకల వైపు తిరిగాడు. పక్షులకీ మలేరియా ఉంది, దాన్ని మోసేది క్యూలెక్స్ దోమ. 1898లో ఆయన జబ్బున్న పిచ్చుకల్ని దోమలతో కుట్టించి, పరాన్నజీవి దోమ పొట్టలోంచి లాలాజల గ్రంథుల దాకా చేరడం చూశాడు. ఆ దోమలతోనే మంచి పిచ్చుకల్ని కుట్టించి, వాటి రక్తంలో మళ్లీ మలేరియాని చూశాడు. దోమకాటుతోనే జబ్బు పాకుతుందని తేలింది పిచ్చుక రక్తంలో. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది, వీలైతే అబ్బాయికి చూపించండి.

పక్షి రక్తం మొదటిసారి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు నేను స్లైడు పాడైందనుకున్నాను. మన ఎర్ర కణాలు గుండ్రంగా, మధ్యలో ఖాళీగా ఉంటాయి. పక్షివి కోలగా ఉంటాయి, ప్రతి దాంట్లో ముదురు రంగులో ఒక కేంద్రకం ఉంటుంది. మనకి ప్లేట్‌లెట్లు చిన్న చిన్న ముక్కలు. పక్షికి ఆ పని చేసేవి కూడా కేంద్రకం ఉన్న పూర్తి కణాలే. అందుకే సీబీపీ మెషీన్‌లో పక్షి రక్తం పోస్తే లెక్కంతా తప్పుతుంది. మెషీన్‌కి కేంద్రకం కనబడితే తెల్ల కణం అనుకుంటుంది. కాబట్టి పక్షుల కణాలు ఇప్పటికీ గళ్ల గాజుపలక మీద కంటితో లెక్కపెడతాం. ఒక్కో పక్షికి గంట పట్టిన రోజులున్నాయి. కేంద్రకం వల్ల ఒక లాభం కూడా ఉంది. ప్రతి ఎర్ర కణంలోనూ డీఎన్ఏ ఉంటుంది కాబట్టి, ఒక్క బొట్టుతో పక్షి ఆడో మగో చెప్పొచ్చు, దాని లోపల ఏ పరాన్నజీవి ఉందో పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్షలో పట్టొచ్చు.

ఎంత రక్తం తీయాలి అన్నది అందరం జాగ్రత్తగా పాటించే లెక్క. పక్షి బరువులో నూటికి ఒక వంతు దాటకూడదు. పావు కిలో పక్షి అయితే 2.5 మిల్లీలీటర్లు. పిచ్చుక బరువు దాదాపు 25 గ్రాములు, దాని దగ్గర పావు మిల్లీలీటరు. మేం అంత కూడా తీసేవాళ్లం కాదు, నాలుగైదు బొట్లు సన్న గాజుగొట్టంలోకి ఎక్కితే చాలు. రెక్క కింద ఈకలు పక్కకి తీస్తే మోచేతి దగ్గర రక్తనాళం స్పష్టంగా కనబడుతుంది. సన్న సూదితో గుచ్చి, రక్తం తీశాక దూదితో నొక్కి పట్టుకుని, పూర్తిగా ఆగిందని చూసుకుని వదులుతారు. ఇలా పట్టడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతి ఉండాలి. అబ్బాయికి ఈ మాట తప్పకుండా చెప్పండి, ఎవరూ సరదాగా ప్రయత్నించకూడదు.

పక్షి విషయంలో గడియారం కూడా ముఖ్యం. చేత్తో పట్టిన రెండు మూడు నిమిషాలకే భయంతో దాని రక్తంలో కార్టికోస్టెరోన్ అనే హార్మోన్ పెరగడం మొదలవుతుంది. మామూలుగా ఎంత ఉందో తెలియాలంటే, వలలో పడిన మూడు నిమిషాల లోపు రక్తం తీయాలి. ఆ తర్వాత తీసింది పక్షి ఎలా ఉందో చెప్పదు, మనల్ని చూసి ఎంత భయపడిందో చెబుతుంది. చాలాకాలంగా ఒత్తిడిలో ఉందా అని తెలియాలంటే వేరే లెక్క చూస్తాం. తెల్ల కణాల్లో హెటిరోఫిల్స్ అనేవి లింఫోసైట్ల కంటే ఎంత ఎక్కువున్నాయో చూస్తాం. ఆ నిష్పత్తి నిమిషాల్లో మారదు. ఇక షుగర్ చూస్తే కంగారుపడతారు. చాలా పక్షులకి 200, 300 మామూలే. మనిషి రిపోర్టు మీద ఉండే నార్మల్ అంకెలు పక్షికి పెట్టి చూస్తే, ఎగిరే పక్షులన్నీ షుగర్ పేషెంట్లే.

రక్తం పోసే ట్యూబు కూడా అబద్ధం చెప్పిస్తుంది. మన సీబీపీకి వాడే ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కాకి రక్తం అందులో పోస్తే ఎర్ర కణాలు పగిలిపోతాయి. కాకికి హెపారిన్ ట్యూబు వాడాలి. మనుషుల్లో కూడా కొందరికి ఈడీటీఏ పడదు. ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి, మెషీన్ ఒక్కో గుంపుని ఒకటిగా లెక్కేసి "40 వేలు" అని ఇస్తుంది. ఇంట్లో అందరికీ టెన్షన్, ప్లేట్‌లెట్లు ఎక్కించే చోటు కోసం పరుగులు. స్మియర్ చూస్తే లక్షన్నర ఉంటాయి. సీబీపీలో ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి తక్కువ వస్తే "స్మియర్‌లో కంటితో చూశారా?" అని ఒక్కమాట అడగండి. ప్లేట్‌లెట్ల సంగతి వచ్చింది కాబట్టి డెంగీ గురించి ఇంకోటి. అందరూ ప్లేట్‌లెట్లే చూస్తారు. డాక్టర్లు అంతకంటే జాగ్రత్తగా చూసేది పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల వంతు ఎంత అన్నది. అది ఉన్నదాని మీద ఐదో వంతు పెరిగిందంటే రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి కారుతోందని అర్థం. డెంగీలో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా అక్కడే.

అసలు మీ రెండు ప్రశ్నలకీ ఒకేచోట జవాబు దొరికే సంఘటన ఒకటుంది. కొత్తగా ల్యాబ్‌లో చేరిన పిల్లలకి నేను మొదటి వారంలోనే ఇది చెప్పేవాణ్ని.

1999 ఆగస్టులో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో కొందరు పెద్దవయసు వాళ్లు జ్వరం, మెదడువాపు, కాళ్లూ చేతుల్లో చచ్చుబలహీనతతో ఆస్పత్రిలో చేరారు. డెబొరా యాస్నిస్ అనే డాక్టరు ఇది మామూలుగా లేదని ఆరోగ్యశాఖకి ఫోన్ చేశారు. రోగుల రక్తాన్నీ, వెన్నులోంచి తీసిన నీటినీ యాంటీబాడీలు చూసే ఎలైజా పద్ధతిలో పరీక్షించి, సెప్టెంబరు 3న ఇది సెయింట్ లూయిస్ మెదడువాపు అని ప్రకటించారు. అది దోమలతో వచ్చే వైరస్, అమెరికాలో ముందునుంచీ ఉన్నదే. వెంటనే దోమల మందు కొట్టించారు. అందరూ విషయం తేలిపోయిందనుకున్నారు.

అప్పటికే చాలా వారాలుగా అదే నగరంలో కాకులు రాలిపోతున్నాయి. తర్వాత బ్రాంక్స్ జూలో పక్షులు చనిపోయాయి, ఫ్లెమింగోలతో సహా. అక్కడ పనిచేసే పశువైద్య నిపుణురాలు ట్రేసీ మెక్‌నమారా వాటిని కోసి చూశారు. మెదడులో వాపు, రక్తస్రావం, గుండె కండరంలో వాపు కనబడ్డాయి. ఆవిడకి ఒక్క విషయం మింగుడుపడలేదు. సెయింట్ లూయిస్ వైరస్ పక్షుల్లో ఉంటుంది కానీ పక్షుల్ని చంపదు. మరి మనుషులకీ పక్షులకీ ఒకేసారి, ఒకేచోట మెదడువాపు వస్తుంటే అది సెయింట్ లూయిస్ ఎలా అవుతుంది? ఈస్టర్న్ ఈక్వైన్ అనే ఇంకో వైరస్ అయితే ఈము పక్షులు ముందు చావాలి, జూలో ఈములు బాగున్నాయి. బర్డ్ ఫ్లూ గానీ కోళ్లకి వచ్చే కొక్కెర తెగులు గానీ అయితే కోళ్లు పోవాలి, కోళ్లు బాగున్నాయి. చనిపోయిన పక్షులే కాదు, బతికి ఉన్న పక్షులు కూడా ఆవిడకి సాక్ష్యం చెప్పాయి. ఆవిడ పట్టు వదలకుండా నమూనాలు వేరే ల్యాబ్‌లకి పంపించారు. సెప్టెంబరు చివరికి విషయం తేలింది. అది వెస్ట్ నైల్ వైరస్. 1937లో ఉగాండాలోని వెస్ట్ నైల్ జిల్లాలో జ్వరంతో ఉన్న ఒక స్త్రీ రక్తంలోంచి మొదటిసారి వేరుచేసినది. పశ్చిమార్ధగోళంలో అంతకుముందు ఎప్పుడూ కనబడలేదు. ఆ ఏడాది న్యూయార్క్ ప్రాంతంలో 62 మందికి ఆ జబ్బు తేలింది, ఏడుగురు చనిపోయారు.

మరి మనుషుల రక్తపరీక్ష తప్పా? పరీక్ష చేసినవాళ్లు పని సరిగ్గానే చేశారు. అమెరికాలో ఉంటాయని తెలిసిన వైరస్‌ల మీదే ఆ రక్తాన్ని పరీక్షించారు. వెస్ట్ నైల్ ఆ జాబితాలో లేదు. సెయింట్ లూయిస్, వెస్ట్ నైల్, డెంగీ, జపనీస్ మెదడువాపు అన్నీ ఒకే కుటుంబం. ఒకదాని మీద పుట్టిన యాంటీబాడీ ఇంకోదానికీ అతుక్కుంటుంది. అడిగిన పేర్లలో దగ్గరి పోలిక ఉన్న పేరుకి రక్తం అవునంది. మీ నాన్నగారి వైడాల్ విషయంలో నేను భయపడేది కూడా ఇలాంటిదే. మన దగ్గర డెంగీ ఐజీఎం (జబ్బు సోకిన కొద్దిరోజులకి వచ్చే యాంటీబాడీ) పాజిటివ్ వచ్చినప్పుడు కూడా ఇది మనసులో పెట్టుకోవాలి. ఐజీఎం రెండు మూడు నెలల దాకా రక్తంలో ఉండొచ్చు. జూన్‌లో వచ్చి పోయిన డెంగీకి ఆగస్టు జ్వరం రిపోర్టులో పాజిటివ్ రావచ్చు. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 చూడాలి, అది వైరస్ భాగాన్నే పట్టుకుంటుంది. జ్వరం ఎన్నో రోజో తెలియకుండా డెంగీ రిపోర్టు చదవడం తేదీ లేని ఉత్తరం చదవడం లాంటిది.

న్యూయార్క్ తర్వాత అమెరికాలో చాలాచోట్ల కోళ్లని కాపలాకి పెట్టే పద్ధతి ఇంకా పెరిగింది. దోమలున్న చోట గూట్లో కోళ్లని పెట్టి, వారానికో రెండు వారాలకో రక్తం తీసి యాంటీబాడీ వచ్చిందా అని చూస్తారు. కోడికి ఈ వైరస్‌తో జబ్బు చేయదు, కానీ యాంటీబాడీ వస్తుంది. మనుషులకి రాకముందే వైరస్ ఆ ప్రాంతానికి చేరిందని ఆ కోడి రక్తం చెబుతుంది. కాకి అలా చెప్పలేదు. కాకి రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది, దాదాపు అన్నీ వారం లోపే చనిపోతాయి. బతికున్న కాకుల్ని పట్టి రక్తం చూస్తే యాంటీబాడీ ఉన్నవి అరుదుగా దొరుకుతాయి. తెలియనివాళ్లు "ఇక్కడి కాకులకి వెస్ట్ నైల్ రాలేదు" అని రాసేస్తారు. వచ్చినవి నేలమీద పడి ఉన్నాయి, వలలో పడలేదు.

ఇదే సంగతి హవాయి దీవుల్లో ఇంకా బాధగా కనబడుతుంది. అక్కడ అసలు దోమలే ఉండేవి కావు. 1826 ప్రాంతంలో ఓడల నీళ్ల పీపాల్లో క్యూలెక్స్ దోమ చేరింది, తర్వాత పక్షుల మలేరియా చేరింది. ఆ దీవుల్లో తప్ప ఎక్కడా లేని తేనె పిట్టలకి ఆ జబ్బు అలవాటు లేదు. ఎర్రగా, వంకర ముక్కుతో ఉండే ఇయివీ అనే పిట్ట మీద చేసిన ప్రయోగంలో, ఒక్క దోమకాటుకే పదిలో తొమ్మిది చనిపోయాయి. ఇప్పుడవి దోమలు చేరలేని చల్లటి కొండల మీదే మిగిలాయి. కింద వెచ్చటి అడవిలో ఆమకిహీ అనే ఇంకో రకం పిట్టల్ని పట్టి చూస్తే వాటి రక్తంలో మలేరియా బాగా కనబడుతుంది. చూసినవాళ్లు ఆమకిహీకే ఎక్కువ జబ్బు అనుకోవచ్చు. అవి తట్టుకుని బతికినవి కాబట్టి రక్తంలో కనబడుతోంది. ఆ పిట్టల్లో చాలావాటికి మామూలు స్లైడులో ఏమీ కనబడదు. పీసీఆర్ చేస్తేనో, యాంటీబాడీ చూస్తేనో బయటపడుతుంది. ఒకసారి సోకితే ఏళ్ల తరబడి కొంచెంగా లోపలే ఉండిపోతుంది. మనుషుల్లో కూడా ఇలా బతికినవాళ్ల రక్తాన్ని చూసే సర్వేలు మీకు తెలిసినవే. కరోనా కాలంలో ఐసీఎంఆర్ దేశమంతా చేసింది. 2021 జూన్, జులైల్లో చేసిన నాలుగో విడతలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు దొరికాయి. సోకడం వల్ల వచ్చినవీ, టీకాతో వచ్చినవీ అందులో కలిసే ఉన్నాయి. జబ్బుతో పోయినవాళ్లు ఆ లెక్కలో ఉండరు.

మీ చెరువు దగ్గర వాళ్లు దేనికోసం తీశారో వాళ్లనే అడిగితే చెబుతారు. అబ్బాయిని అడగమనండి, అలా అడిగే పిల్లలంటే మాకు చాలా ఇష్టం. కొంగల్లో సాధారణంగా వెతికేవి కొన్ని ఉన్నాయి. ఒకటి జపనీస్ మెదడువాపు. కొంగలు ఆ వైరస్‌ని మోస్తాయి కానీ వాటికి జబ్బు చేయదు. వాటి రక్తంలో వైరస్ కొద్దిరోజులే ఉంటుంది, యాంటీబాడీ మాత్రం నిలుస్తుంది. కొంగ నుంచి దోమకి, దోమ నుంచి పందికి వెళ్తుంది, పందిలో బాగా పెరుగుతుంది, మళ్లీ దోమ ద్వారా పిల్లలకి. వరిమళ్లు, కొంగలు, పందులు దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లలో ఇది తెలుసుకోవడం ముఖ్యం. మనిషి రక్తంలో ఆ వైరస్ దోమకి అందేంత ఉండదు కాబట్టి మనిషి నుంచి మనిషికి రాదు. రెండోది బర్డ్ ఫ్లూ. ప్రస్తుతం పక్షిలో వైరస్ ఉందా అన్నది గొంతులో, వెనకభాగంలో దూదిపుల్లతో తీసి చూస్తారు. ఇదివరకు సోకిందా అన్నది రక్తం చెబుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు చనిపోయినప్పుడు మీరు వార్తల్లో విన్న భోపాల్ ల్యాబ్ ఈ నిర్ధారణలు చేసేదే. మూడోది నేను చెప్పిన మలేరియా, దాని చుట్టాలైన హీమోప్రోటియస్ లాంటివి. పక్షి మలేరియా మనకి రాదు, ఆ భయం అక్కర్లేదు.

రాబందుల గురించి కూడా చెప్పాలి. తొంభైల నుంచి 2007 లోపు మన దేశంలో మూడు రకాల రాబందులు నూటికి తొంభై ఆరుకి పైగా పోయాయి. చనిపోయిన వాటిని కోస్తే గుండె, కాలేయం మీద తెల్లటి సున్నంలాంటి పొర కనబడింది. అది యూరిక్ యాసిడ్. మన కిడ్నీలు ఎలా ఉన్నాయో క్రియాటినిన్‌తో చూస్తాం, పక్షులకి చూసేది యూరిక్ యాసిడ్. ఏదో కొత్త వైరస్ అని చాలామంది వెతికారు. 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనతో అసలు కారణం తేలింది. పశువుల నొప్పులకి ఇచ్చే డైక్లోఫెనాక్. ఆ పశువు చనిపోతే దాని మాంసం తిన్న రాబందు కిడ్నీలు పాడై, రక్తంలో యూరిక్ యాసిడ్ ఒక్క రోజులోనే పెరిగి, పక్షి చనిపోతుంది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. మన తెలంగాణలో బెజ్జూరు అడవి పక్కన పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టాయని తెలిసినప్పుడు, మా ల్యాబ్‌లో ఆ వార్త అందరం కలిసి చదువుకున్నాం. ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది. మాంసం తినే పక్షులకి కడుపునిండా తిన్న కొన్ని గంటల పాటు యూరిక్ యాసిడ్ దానంతటదే పెరుగుతుంది. పరగడుపున తీసిందా, తిన్నాక తీసిందా అన్నది రాయకపోతే ఆ అంకెతో ఏమీ చెప్పలేం. మన షుగర్ టెస్టుకి అడిగే ప్రశ్నే అది.

అబ్బాయికి ఒక మాట. చెరువు దగ్గర ఎప్పుడైనా ఒకేచోట నాలుగైదు పక్షులు చనిపోయి కనబడితే చేత్తో ముట్టుకోవద్దు, కుక్కల్ని దగ్గరికి రానివ్వద్దు. దూరం నుంచి ఫొటో తీసి, ఏ రకం పక్షులో, ఎన్నో, ఎప్పుడు చూశాడో రాసుకుని మీ మండల పశువైద్యాధికారికి చెప్పాలి. ఎండలో రెండు రోజులు పడి ఉన్నవాటికంటే ఆ రోజు చనిపోయిన పక్షి నుంచే ఎక్కువ తెలుస్తుంది, కాబట్టి ఆలస్యం చేయకూడదు.

మీ నాన్నగారి దగ్గరికి వస్తే, పాత రిపోర్టులన్నీ తేదీల వరసన పెట్టి డాక్టరుగారికి చూపించండి. పారేయకండి. జ్వరం మొదలైన రోజు, వాడిన మందులు ఒక కాగితం మీద రాయండి. ఈలోగా మగతగా ఉన్నా, మాట తడబడినా, ఆయాసం వచ్చినా, మూత్రం నల్లగా లేదా బాగా తక్కువగా వచ్చినా, కళ్లు పచ్చబడ్డా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి, రాత్రయినా సరే. స్లైడు ఫలితం వచ్చాక ఇక్కడ రాయండి. ఫొటో పెడితే పేరు, ఫోన్ నంబరు కనబడకుండా చెరిపేసి పెట్టండి. పాజిటివ్ అయితే ఏ రకమో చూసి, వైవాక్స్ అని ఉంటే ప్రైమాక్విన్ అనే మందు గురించి, దానికి ముందు చేయించాల్సిన జీ6పీడీ పరీక్ష గురించి విడిగా చెబుతాను.